గాలి దూరని ఇల్లు

పాత పాస్టరు గారి ఇల్లు, స్కాట్లండ్
అక్టోబరు 12

లీలక్కా, వందనాలు.

ఫోన్ చెయ్యమంటావు. చేస్తే నువ్వు "తిన్నావా?" అంటావు, నేను ఏడుస్తాను, ఇద్దరం ముక్కులు చీదుకుని పెట్టేస్తాం. కాగితం మీదైతే నాకు ఏడుపు రాదు. పైగా ఈ ఇంట్లో సిగ్నల్ లేదు. గోడలు మూరన్నర మందం రాయి. ఇంటర్నెట్ తీగ లాగాలంటే గోడకి బెజ్జం పెట్టాలి, బెజ్జానికి ఇక్కడి మున్సిపల్ కౌన్సిల్ అనుమతి కావాలి. అందుకని ఇంట్లో రాసుకుని, ఆసుపత్రికి వెళ్ళాక ఫోటో తీసి నీకు పంపుతాను. నువ్వూ అలాగే రాయి. నీ దస్తూరీ చూస్తే సౌదీలో మన ఖోబర్ గదిలో కూర్చున్నట్టుంటుంది.

మా ఇల్లు చూస్తే నవ్వుతావు. రెండొందల ముప్ఫై ఏళ్ళ ఇల్లు. వెనకాల మూతపడ్డ చర్చి, ముందు గొర్రెలు, మధ్యలో మొగుడూ పెళ్ళాం, ఒక పిల్ల, మేం ముగ్గురం. ఒకప్పుడు చర్చి పాస్టరు గారు ఉండేవారట. నోయెల్ అయితే "దేవుడే చూపించాడు" అని వెంటనే సంతకం పెట్టాడు. నా ఆసుపత్రికి దగ్గర్లో అద్దెకి దొరికింది ఇదొక్కటే, అది కూడా నిజమే.

ఇలాంటి ఇళ్ళకి ఇక్కడి ప్రభుత్వం ఒక జాబితా రాసుకుంది. జాబితాకెక్కిన ఇంటికి మేకు కొట్టాలన్నా అడగాలి. కిటికీ అద్దాల్లో చిన్న చిన్న గాలి బుడగలుంటాయి, అవి ఇల్లు కట్టిన నాటివి. మార్చకూడదు. అడక్కుండా మారిస్తే నేరమట. ఇల్లు చూపించిన ఆవిడ మూడుసార్లు చెప్పింది.

మొదటి రోజే పప్పుకి పోపు పెట్టాను. ఎండుమిరపకాయలు వేగాయో లేదో, పైకప్పుకున్న తెల్ల పెట్టెలు రెండూ ఒకేసారి కూత పెట్టాయి. రూతు చెవులు మూసుకుని బయటికి పరిగెత్తింది. నోయెల్ కుర్చీ ఎక్కి రెండింట్లోనూ బ్యాటరీలు తీసేశాడు. మన హాస్టల్లో నువ్వు పొగ పెట్టెకి షవర్ క్యాప్ తొడిగావు, గుర్తుందా?

ఒక్క బాధ చలి. తలుపు కింద, కిటికీ సందుల్లో, ఆఖరికి నేల చెక్కల మధ్య నుంచి కూడా గాలి వస్తుంది. అన్నీ మూసేసినా కొవ్వొత్తి మంట పక్కకి వాలుతుంది. ముందు గదిలో బొగ్గు వేసే ఇనప పొయ్యి ఉంది, ముగ్గురం అక్కడే పడుకుంటున్నాం. రూతు మంకీ క్యాప్ పెట్టుకుని నిద్రపోతుంది. ఏం చెయ్యాలో చెప్పు.

నీ కెజియా

*

అల్ ఖోబర్
అక్టోబరు 19

ఒసేయ్ పిచ్చిదానా,

ఏడేళ్ళు ఈ గదిలో నా పక్క మంచం మీద పడుకుని, గాలి ఎలా ఆపాలో నన్ను అడుగుతున్నావా? ప్రతి వసంతంలో దుమ్ము తుఫానుకి ముందు మెయింటెనెన్స్ దిలావర్ వచ్చి ఏం చేసేవాడు? వెండి టేపు. కిటికీ చుట్టూ, ఏసీ చుట్టూ, తలుపు కింద స్పాంజి పట్టీ. బయట ఎదుటి బిల్డింగు కనపడనంత దుమ్ము లేచినా మన దుప్పటి మీద ఒక్క ఇసుక రేణువు పడేది కాదు.

నీ సంగతి చెప్పాను. నవ్వి, స్టోర్ లోంచి నాలుగు చుట్టలు తెచ్చిచ్చాడు. "సిస్టర్, ఛోటీ బహెన్ కో బోల్నా, ఏక్ బాల్ బరాబర్ భీ జగహ్ నై ఛోడ్నా" అన్నాడు. వెంట్రుక పట్టేంత సందు కూడా వదలొద్దని నీకు పాఠం. మా డయాలిసిస్ వార్డు ప్రేమలత వచ్చే వారం వాళ్ళాయన దగ్గరికి గ్లాస్గో వెళ్తోంది, ఆమె చేత పంపుతున్నాను. కారం, గోంగూర పచ్చడి కూడా పెట్టాను. మూత ఊడిందంటే నన్ను అనకు.

కౌన్సిల్ అంటావేమో. టేపేగా! వేసవిలో ఊడదీసెయ్. మేకు కొట్టావా, అద్దం మార్చావా?

నా వార్త ఒకటుంది. పన్నెండేళ్ళు చర్మం డాక్టరు దగ్గర ఆయింట్‌మెంట్లు రాసిన దాన్ని, వచ్చే నెల నుంచి ఎమర్జెన్సీలో వేస్తున్నారు. ఈ వయసులో పరుగులు. భయంగా ఉంది, ప్రార్థన చెయ్యి.

రూతుకి పెద్దమ్మ ముద్దులు.

లీల

*

పాత పాస్టరు గారి ఇల్లు
నవంబరు 23

అక్కా,

ఇల్లు వెచ్చబడింది! నోయెల్ రెండు ఆదివారాలు కూర్చుని దిలావర్ గారే మెచ్చుకునేటట్టు టేపు వేశాడు. కిటికీలు, తలుపులు, ఉత్తరాలు వేసే సందు, నేల చెక్కలు. పొయ్యి పక్క గోడలో ఒక చిన్న ఇనప జాలీ ఉంది, చలంతా అక్కణ్ణుంచే కొట్టేది. దాని మీద మూడు వరసలు వేశాడు. వంటింట్లో వాడని పాత పొగగొట్టంలో దుప్పటి కుక్కాడు. ఇప్పుడు కొవ్వొత్తి మంట నిటారుగా నిలబడుతుంది. పొయ్యి మూత బిగించేస్తే బొగ్గు తెల్లారేదాకా సన్నగా కాలుతూనే ఉంటుంది.

ఇంటివాళ్ళకి చెప్పలేదు. నువ్వూ ఎవరికీ చెప్పకు.

ఒక్క విషయం రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. పదిరోజులుగా పొద్దున లేవగానే తల పగిలిపోతోంది. నాకే కాదు, ముగ్గురికీ. డ్యూటీకి వెళ్ళి ఓ గంట గడిస్తే తగ్గుతుంది. ఇంటికొస్తే మళ్ళీ మొదలు. చలికి అనుకున్నాను.

మొన్న సాయంత్రం రూతు పొయ్యి ముందు కూర్చుని తనలో తను మాట్లాడుకుంటోంది. ఎవరితోనే అన్నాను. "నాన్నమ్మతో" అంది. వాళ్ళ నాన్నమ్మ చనిపోయి నాలుగేళ్ళయింది కదా. "ఆ నాన్నమ్మ కాదు, ఈ ఇంటి నాన్నమ్మ. బూడిదరంగు గౌను. చలేస్తోంది అంటోంది" అంది. ఆరేళ్ళ పిల్ల, కథలు అల్లుతుందిలే అని నోయెల్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంకోటి. ఇంటితోపాటు ఒక పిల్లి వచ్చింది మాకు, పాతవాళ్ళు వదిలేసింది. మొదట్లో పొయ్యి దగ్గరే పడుకునేది. ఇప్పుడు ఆ గదిలోకి ఎత్తుకెళ్తే గోళ్ళతో రక్కి పారిపోతోంది. వానలో తడుస్తూ గొర్రెల కొట్టంలో పడుకుంటోంది.

పిల్లులకి కనపడతాయంటారు. నిజమేనా అక్కా?

కెజియా

*

అల్ ఖోబర్
డిసెంబరు 1

కెజియా,

నీ ఉత్తరం డ్యూటీ దిగి బస్సులో చదివాను. రెండుసార్లు చదివాను. పిల్లి సంగతి చదివినప్పుడు నా ఒళ్ళు జలదరించింది, దాచను.

ముందు నువ్వు ధైర్యంగా ఉండు. అది దైవసేవకులు ఉన్న ఇల్లు. అక్కడ దేవుని పని జరిగింది. అలాంటి చోటనే అపవాది, ఆ సైతాను, పీడిస్తాడని మన ప్రార్థన కూడిక నడిపే నెహెమ్యా అన్న ఎప్పుడూ చెప్తారు. పాస్టరు గారి ఇంట్లో ఎవరైనా బాధపడి చచ్చిపోయారేమో కనుక్కో. రూతుని ఆ గదిలో ఒంటరిగా వదలకు. తలకి నూనె రాసి ప్రార్థన చేసి పడుకోబెట్టు.

తలనొప్పికి పారాసిటమాల్ వేసుకో. కళ్ళజోడు పరీక్ష చేయించుకో. కళ్ళ వార్డులో పని చేస్తూ నీ కళ్ళు నువ్వు చూపించుకోవు.

నా గురించి అడక్కు. ఎమర్జెన్సీలో నన్ను ఎక్కడ నిలబడమంటే అక్కడ అడ్డం. నా కంటే పదిహేనేళ్ళు చిన్నది నస్రీన్ నాకు నేర్పుతోంది.

లీల

*

పాత పాస్టరు గారి ఇల్లు
డిసెంబరు 17

అక్కా,

అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

నేనూ చూశాను. సోమవారం సాయంత్రం నాలుగింటికి. ఇక్కడ అప్పటికే చీకటి. రూతు బొమ్మ గీస్తోంది. పొయ్యి పక్క కుర్చీలో ఎవరో కూర్చున్నారు. మొహం లేదు, భుజాలు ఉన్నాయి. నేను పేరు పెట్టి గద్దించాను, ప్రభువు పేరు పెట్టి. కదల్లేదు. కాళ్ళు ఇసుక మూటల్లా అయిపోయాయి, నిలబడ్డచోటే కూలబడ్డాను. కళ్ళు తెరిచేసరికి రూతు నా పక్కనే వాంతి చేసుకుని పడుకుని ఉంది.

పైన అడుగుల చప్పుడు. గుండెల మీద ఎవరో కూర్చున్న బరువు. నోయెల్ నమ్మేవాడు కాదు. నిన్న మెట్ల మీంచి పడ్డాడు. ఎవరో వెనకనుంచి తోశారంటున్నాడు. ఆయన అలా అనేసరికి నాకు మిగిలిన ధైర్యం కూడా పోయింది.

ఇది చాలదని కౌన్సిల్ వాళ్ళు వచ్చారు. పాత ఇళ్ళని చూసే ఆఫీసరట, పేరు మోరాగ్. ముందు ఉత్తరం వేసింది, ఇంటిని తనిఖీ చెయ్యాలని. మేం జవాబు రాయలేదు. శనివారం కారు ఆగింది. నోయెల్ వేలు పెదాల మీద పెట్టాడు. అక్కడ మన చాటుమాటు శుక్రవారం కూడికలో ఎవరైనా తలుపు కొడితే పాట ఆపేసి బిగుసుకుపోయేవాళ్ళం కదా, అలాగే ముగ్గురం నేల మీద కూర్చుండిపోయాం. పావుగంట తలుపు కొట్టింది. చీటీ లోపలికి దూర్చబోయింది. టేపు ఉంది కదా, దూరలేదు. వంగి, టేపు వైపు చాలాసేపు చూసింది. చివరికి చీటీని గడప మీద పెట్టి పైన గుండ్రాయి పెట్టి వెళ్ళిపోయింది.

చీటీ ఫోటో పంపుతున్నాను. "మిమ్మల్ని భయపెట్టడానికి రాలేదు, దయచేసి ఫోన్ చెయ్యండి" అని చేత్తో రాసి సొంత నంబరు ఇచ్చింది. అలాగే అంటారు. నేరం రుజువైతే ఆసుపత్రి వీసా ఉంచుతుందా? ఇక్కడ మన వీసా గుప్పిట్లో పెట్టుకునే కఫీల్ లేడని సంతోషించాం, ఆసుపత్రే మాకు కఫీల్.

ఆ చీటీ ఎవరికీ చూపించకు. ఇంట్లో ఇది, బయట ఆవిడ. ఎటు పోవాలి అక్కా?

కెజియా

*

అల్ ఖోబర్
డిసెంబరు 28

కెజియా,

పండుగ రోజు నీ కోసం ఏడ్చాను. ఇక్కడ గొంతెత్తి పాడుకోలేం కదా, దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

నెహెమ్యా అన్నకి చెప్పాను. కోప్పడకు. కౌన్సిల్ సంగతి చెప్పలేదు, ఆ పీడ సంగతే చెప్పాను. అది మొండిది, ఉపవాసానికి గాని వదలదు అన్నారు. జనవరి 9, 10, 11, మూడు రోజులు. ఇక్కడ మేం పన్నెండు మందిమి వంతులు వేసుకుని గొలుసు ప్రార్థన చేస్తాం. అక్కడ మీరు ముగ్గురూ ఆ పొయ్యి గదిలోనే కూర్చోవాలి. దాని చోటు నుంచి దాన్ని తరమాలి. బయటికి రాకూడదు, లోపలికి ఎవర్నీ రానివ్వకూడదు. తలుపు గడియ వేసుకోండి. చిన్నపిల్లకి పాలు, పళ్ళు పెట్టు. పొయ్యి బాగా వేసుకోండి, ఖాళీ కడుపుతో చలి ఎక్కువ అనిపిస్తుంది.

ఆ మూడు రోజులు సెలవు పెట్టు. ఫోన్ స్విచ్ ఆపేసి పక్కన పెట్టు.

ఆ ఆఫీసరు మాట ఫిబ్రవరిలో చూద్దాం. టేపు పీకేశాక రమ్మను.

నీకేం కాదు. నేనున్నాను.

లీలక్క

*

పాత పాస్టరు గారి ఇల్లు
జనవరి 8

అక్కా

సరే. సెలవు ఇచ్చారు. రేపు పొద్దున మొదలు. నోయెల్ బొగ్గు రెండు బస్తాలు లోపల పెట్టాడు.

రూతు నిన్నటి నుంచి ఎక్కువ నిద్రపోతోంది. బుగ్గలు ఎర్రగా ముద్దొస్తున్నాయి. నాన్నమ్మ ఒళ్ళో పడుకుంటానంటోంది. నేను వద్దనడానికి మాట వెతుక్కోవాల్సి వచ్చింది. పేర్లు మర్చిపోతున్నాను. నిన్న వార్డులో నీ పేరు ఒక నిమిషం గుర్తు రాలేదు.

ప్రార్థన చెయ్యండి

కె

*

అల్ ఖోబర్, ఎమర్జెన్సీ స్టాఫ్ గది
జనవరి 10, శనివారం, మధ్యాహ్నం ఒకటిన్నర

కెజియా,

ఈ ఉత్తరం నువ్వు చదువుతావో లేదో తెలియదు. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. నన్ను వార్డులోంచి పంపించేశారు.

పొద్దున తొమ్మిదింటికి అంబులెన్సులో ఇద్దర్ని తెచ్చారు. ఎడారిలో ఒక మజ్రాలో, అంటే ఒంటెల ఫారంలో, కాపలా పని. ఒకాయన అప్పటికే పోయాడు. రెండో ఆయన మునిస్వామి, మన మదనపల్లి వైపు మనిషి. ఆక్సిజన్ పెట్టాక మాట వచ్చింది. డాక్టరుకి అర్థం కాలేదు. తెలుగు సిస్టర్ని పిలవమన్నాడు.

నేను వెళ్ళాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అన్నాడు, "మా యమ్మ వచ్చుండాది మేడమ్. వారమాయ. కుంపటి కాడ్నే కూసోనుంటాది. నోరు తెరిసి మాట్లాడదు. తలకాయ పగల్తాంది అంటే ఒళ్ళో పండుకోమంటాది."

నేను భయపడిపోయాను. నీ మాటలే. డాక్టరుకి చెప్పాను, ఈయన్ని దయ్యం పట్టిందేమోనని నా మనసులో ఉంది. డాక్టరు తల కూడా ఎత్తలేదు. "అమ్మా కాదు, ఎవరూ కాదు. కార్బన్ మోనాక్సైడ్, బొగ్గు వదిలే విషవాయువు. గదిలో బొగ్గు కుంపటి పెట్టుకున్నారా, గాలి రాకుండా మూశారా అడుగు" అన్నాడు.

అడిగాను. "మూసినాం మేడమ్. దుమ్ము వస్తాందని టేపు వేసినాం" అన్నాడు.

ట్రే నా చేతిలోంచి పడిపోయింది. నస్రీన్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రతి చలికాలం ఇలాంటివి వస్తాయి, గుడారంలో కుంపటి పెట్టుకుని పడుకుంటారు, నీకు కొత్త అంది. పొద్దున తలనొప్పి, వాంతి, కాళ్ళు లాగెయ్యడం, లేనివి కనపడ్డం, బయటికొస్తే తగ్గడం. ఒక్కోటి చెప్తుంటే ఒక్కో ఉత్తరం నా కళ్ళ ముందుకి వచ్చింది. పిల్లి కూడా. ఇద్దరం నర్సులం కెజియా. పక్క మంచం మీద పరాయివాళ్ళైతే నిమిషంలో చెప్పేవాళ్ళం. మనింటిదయ్యేసరికి దయ్యం అన్నాం.

టేపు నేను పంపాను. ఆ గదిలో కూర్చోమని నేను చెప్పాను. గడియ వేసుకోమన్నాను, పొయ్యి బాగా వెయ్యమన్నాను, ఫోన్ ఆపమన్నాను. తెల్ల పెట్టెల్లో బ్యాటరీలు తీశారని చదివి నేను నవ్వాను. ఆ రెండో పెట్టె పొగకి కాదటే, ఈ విషవాయువుకేనట. పోపు పొగకి ఒకటి కూస్తే, దానితో కలిపి ఉన్నందుకు రెండోదీ కూసిందంతే. అది ఒక్కటే నిజం చెప్పేది ఆ ఇంట్లో, దాని నోరు మూసేశాం.

నీకు నలభై సార్లు ఫోన్ చేశాను. నోయెల్‌కి చేశాను. మీ వార్డుకి చేశాను, సోమవారం దాకా సెలవు అన్నారు, అడ్రసు పరాయివాళ్ళకి ఇవ్వం అన్నారు. మీ దేశం అంబులెన్సు నంబరు ఇక్కడి నుంచి కలవదు. నా దగ్గర ఉన్నది ఒక్కటే నంబరు. ఎవరికీ చూపించొద్దన్నావు కదా, ఆ చీటీ మీదిది.

చేశాను. నన్ను క్షమించు, అన్నీ చెప్పేశాను. "మేడం, మా చెల్లెలు మీ ఇంటికి అంతా టేపు వేసింది, జాలీ మూసింది, పొగగొట్టంలో దుప్పటి కుక్కింది, అలారం పీకింది, అన్నీ నేనే చెప్పాను, కేసు నా మీద పెట్టండి, ముందు ఎవరైనా వెళ్ళండి" అన్నాను. నా ఇంగ్లీషు ఏమైందో తెలియదు, సగం తెలుగే వచ్చిందనుకుంటాను. ఆవిడ ఒక్కటే, "పిల్ల లోపలే ఉందా?" అని అడిగింది. ఉంది అన్నాను. ఫైర్ వాళ్ళు రావడానికి నలభై నిమిషాలు, నేను పన్నెండు నిమిషాల్లో ఉంటాను అని పెట్టేసింది.

అది ఒంటిగంటకి. ముప్ఫై నిమిషాలయింది. తిరిగి ఎందుకు చెయ్యదు?

మునిస్వామి పక్కన పడుకున్న ఆయన పూర్తి పేరు కూడా ఇక్కడ ఎవరికీ తెలియదు కెజియా. ఇఖామా గుర్తింపు కార్డు కోసం జేబులు వెతుకుతున్నారు. తెల్ల దుప్పటి కప్పారు. ఆ విషవాయువుకి బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. రూతు బుగ్గలు ముద్దొస్తున్నాయని నువ్వు రాశావు.

ప్రార్థన చేద్దామంటే మాట రావడం లేదు. నిన్నటి నుంచి పన్నెండు మందిమి గొలుసు కట్టి మిమ్మల్ని ఆ గదిలో కూర్చోబెట్టాం.

ఫోన్ మోగుతోంది. నలభై నాలుగుతో మొదలయ్యే మీ దేశం నంబరు. ఎత్తాలంటే భయంగా ఉంది

*

ఆసుపత్రి క్వార్టర్స్, స్కాట్లండ్
జనవరి 30

అక్కా,

మోరాగ్ గారు నీకు ఫోన్లో "ముగ్గురూ ఊపిరి పీలుస్తున్నారు" అని మాత్రం చెప్పారట. నువ్వు ఆ తర్వాత రోజూ పెట్టిన వాయిస్ మెసేజీలు విన్నాను. జవాబు ఇవ్వలేదు. బలం లేక కొంత. కోపం కొంత. నిజం చెప్తున్నాను, నీ మీద చాలా కోపం వచ్చింది. ఆ కోపం నోయెల్ మీదికి పోయింది, తర్వాత నా మీదికి. సెలవు పెట్టింది నేను, పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆ పొయ్యి ముందు కూర్చుంది నేను.

నాకు ఆ రోజు ఏదీ గుర్తు లేదు. ఆవిడ చెప్పిందే రాస్తున్నాను.

తలుపు గడియ వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే నోయెల్ పక్కకి ఒరిగిపోయి ఉన్నాడట, నేను కళ్ళు తెరుచుకునే ఉన్నానట గాని ఆవిణ్ణి చూడలేదట. రూతు నేల మీద ఉంది. ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళన్నిటికీ కాపలా. ఆ కిటికీ అద్దాలకి ఎవరో పుట్టీ మార్చారని ఒకసారి కోర్టు దాకా వెళ్ళిందట. గడప మీద తను చీటీ మీద పెట్టిన గుండ్రాయి అక్కడే ఉంది. దాన్ని తీసి ఆ అద్దం పగలగొట్టింది. ఒకటి కాదు, గాలి ఆడాలని ముందు గదిలోవన్నీ. చెయ్యి కోసుకుని, కిటికీలోంచి దూరి ముందు రూతుని బయటికి లాగింది. మంచులో పడుకోబెట్టి తన కోటు కప్పింది.

రూతు బాగుంది. రెండో రోజుకే బిస్కట్లు అడిగింది. నాకు కాళ్ళు ఇంకా తూలుతున్నాయి. నోయెల్‌కి మాటలు తడుముకోవడం పోలేదు. మొన్న చెంచా అనడానికి బదులు "అదీ... అదీ..." అంటూ ఏడ్చేశాడు. నెలలు పట్టొచ్చట. పూర్తిగా వస్తుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. దీని గురించి నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదు అక్కా, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

టేపు నేరం కాదట. ఊడదీస్తే పోయేదే కదా అంది ఆవిడ. ఆ రోజు తలుపు కొట్టింది కూడా చలికి ఏం చెయ్యొచ్చో చెప్పడానికేనట. పోయిన వారం నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళింది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను, రమ్మని బలవంతం చెయ్యలేదు. పగిలిన కిటికీ పక్క చెక్క పలకని కత్తితో గీకి, లాగి చూపించింది. లోపల గోడలో మడత తలుపులున్నాయి, లావుపాటి చెక్కవి. ఎవరో ఎప్పుడో రంగు పూసేసి మూసేశారు. అవి మూస్తే గాలి ఆగుతుంది, పొయ్యికి గాలిచ్చే జాలీ తెరిచే ఉంటుంది. కట్టినవాళ్ళకి చలి తెలియదా అంది. మేం అడిగి ఉంటే ఒక్క పూటలో తెరిచి పెట్టేదాన్ని అంది.

అడగలేదు అక్కా. ఆఫీసరంటే భయం, దయ్యమంటే నమ్మకం. ఆ రెంటితో పిల్లని చంపుకోబోయాం.

పాత అద్దాలు పగిలితే ఆవిడ ఆఫీసుకి రిపోర్టు రాయాలట. నా ముందే రాసింది. ఎవరు పగలగొట్టారు అన్న చోట తన పేరే రాసింది. అనుమతి ఉందా అన్న చోట "లేదు" అని రాసింది. కారణం అన్న చోట "రూతు, ఆరేళ్ళు" అని రాసి సంతకం పెట్టింది.

రూతు నిన్న అడిగింది, నాన్నమ్మ ఇప్పుడు ఒంటరిగా ఉందా, చలేస్తోందేమో అని. లేదమ్మా, కిటికీ తెరుచుకుంది, వెళ్ళిపోయింది అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. నాకు ఇప్పటికీ కుర్చీ ఖాళీగా ఉంటే చూడ్డానికి భయం.

ఈసారి ఫోన్ చెయ్యి. ఏడుద్దాం.

కెజియా

*

అల్ ఖోబర్
ఫిబ్రవరి 6

కెజియా,

ఫోన్లో అంతసేపు ఏడ్చాక రాయడానికి ఏం మిగిలిందంటావేమో. ఒక్కటుంది. ఫోన్లో చెప్పలేకపోయాను.

దిలావర్‌కి చెప్పాను. ఆ ముసలాయన అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. "మైనే దియా థా, సిస్టర్" అన్నాడు. నేనిచ్చాను, నేనిచ్చాను అని అదే మాట. కాదు, నేను పంపాను అన్నాను. ఇద్దరం తప్పు మోసుకోవడానికి పోటీ పడ్డాం. కూడికలో కూడా చెప్పాను, లేచి నిలబడి. నెహెమ్యా అన్న వచ్చి నా పక్కన నిలబడ్డారు. తర్వాత "ఇక నుంచి ముందు డాక్టరుని అడుగుదాం, ఆ తర్వాత మోకరిద్దాం" అన్నారు.

నిన్న గదికొచ్చి మంచం మీద పడుకుని పైకి చూశాను. పైకప్పుకి మన షవర్ క్యాప్ ఇంకా అలాగే ఉంది, గులాబీ పువ్వులది. నువ్వు కొన్నదే. తొమ్మిదేళ్ళుగా దాని కింద నిద్రపోతున్నాను. ఎన్నిసార్లు ఈ అంతస్తులో హీటర్లు మాడి వాసనొచ్చిందో లెక్క లేదు.

కుర్చీ ఎక్కాను.  ఎలాస్టిక్ కుళ్ళిపోయి పెట్టెకి అతుక్కుపోయింది, గోళ్ళతో గీకి తీశాను. బ్యాటరీ చచ్చిపోయి ఉంది, కొత్తది వేశాను. పని చేస్తోందో లేదో ఎలా తెలియాలి? కిందికి దిగి ఎలక్ట్రిక్ పొయ్యి మీద మూకుడు పెట్టాను. నూనె, ఆవాలు, ఎండుమిరపకాయలు నాలుగు.

అబ్బ, ఏం కూత కెజియా! అంతస్తు మొత్తం బయటికి వచ్చేసింది. నస్రీన్ తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి కుర్చీ ఎక్కబోయింది ఆపేద్దామని. నేను తన చెయ్యి పట్టుకుని కిందికి లాగాను.

"కూయనీ" అన్నాను.

లీలక్క